నేతగాని కుమారుడు విలియం కేరీగారు – మన ఇంటి బైబిలు



మన పెద్దలు బ్రతుకుతెరువు వెదకుకొంటూ తెలంగాణ పల్లెల నుండి షోలాపూరుకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకొన్న సామాను కొద్దిపాటిదే. విశ్వాసుల ఇండ్లలో ఆ సామానుతోపాటు ఒక తెలుగు బైబిలు కూడా వచ్చింది. అశోక్ చౌక్ సందులలో పగలూ రాత్రీ సాంచెలు మ్రోగుతుండగా, ఒక పాళి ముగిసి ఇంకొక పాళి మొదలయ్యే సందులో, బీడీలు చుట్టే చేతులు కడుగుకొని మన తల్లులు ఆ పుస్తకము తెరిచేవారు. చదువు రానివారు చదివినవారి నోట విని కంఠస్థము చేసేవారు. ఇప్పుడు ఆ పుస్తకములు మన ఇండ్లలోనే ఉన్నవి. గుడ్డలో చుట్టి, బీరువాలో భద్రముగా ఉన్నవి. తెరిచేవారే తక్కువయ్యారు.

ఇతరులను గూర్చి కాదు, మా ఇంటి సంగతే ముందుగా చెప్పుకొంటాము. కొన్ని నెలల క్రిందట కుటుంబ ప్రార్థనలో మా మనుమని చేతికి బైబిలు ఇచ్చి ఒక కీర్తన చదవమన్నాము. వాడు ఏడవ తరగతి చదువుతున్నాడు. ఇంట మాతో తెలుగే మాట్లాడతాడు గాని బడిలో చదివేది మరాఠీ. అక్షరాలు కూడబలుక్కొంటూ రెండు మాటలు చదివి ఆగిపోయాడు. ఆ దినము ఇంటికి బంధువులు వచ్చి ఉన్నారు. మాకు సిగ్గు వేసింది. పుస్తకము వాని చేతిలోనుండి తీసుకొని, ఇంత వయసు వచ్చినా తెలుగు చదవడం రాదా అని నలుగురిలో మందలించాము. రాని పిల్లవానిని నలుగురిలో నిలబెట్టి చిన్నబుచ్చకూడదని ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకొన్నవారము, ఏండ్ల తరబడి పిల్లలకు చదువు చెప్పినవారము, మా ఇంటిలో ఆ పాఠము మరచిపోయాము. మరుసటి దినము నుండి ప్రార్థన వేళకు వాడు ఏదో పని పెట్టుకొని వెలుపలికి పోసాగాడు.

ఆ దినములలోనే విలియం కేరీగారి జీవితచరిత్రను మరల చదివాము. బాప్టిస్టులమైన మనకు ఆయన పేరు కొత్త కాదు. అయితే ఈసారి మా మనుమని ముఖము కన్నుల ముందు ఉండగా చదివాము గనుక ఇంతకుముందు గమనించని సంగతులు కొన్ని కనబడ్డాయి. వాటిని మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మగ్గము, ఆరె, పుస్తకము

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పురీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఎడ్మండ్ కేరీ నేతపనివారు. చేతిమగ్గము మీద ఊలు బట్ట నేసి కుటుంబమును పోషించేవారు. ఐదుగురు పిల్లలలో విలియం పెద్దవారు. ఆయనకు ఆరేండ్ల వయసులో తండ్రికి ఊరి బడిపంతులు పని దొరికింది గనుక ఆ ఇంటికి మగ్గముతోపాటు చదువు కూడా పరిచయమైంది.

ఎండ తగిలితే విలియంగారి చర్మము బాధపెట్టేది. పొలము పనికి పనికిరారని తేలి, 14 ఏండ్ల వయసులో ఆయనను పిడ్డింగ్టన్ అనే ఊరిలో చెప్పులు కుట్టేవాని దగ్గర పనికి పెట్టారు. మన సంఘములలో మగ్గము మీద బ్రతికిన పెద్దల పిల్లలు ఉన్నారు, తోలుపని చేసి బ్రతికిన పెద్దల పిల్లలూ ఉన్నారు. కేరీగారు ఈ రెండు ఇండ్లవారికీ బంధువే. తరువాతి కాలములో కలకత్తాలో గొప్పవారి విందులో ఒక సైన్యాధికారి ఆయనను తక్కువ చేయాలని, ఇతడు పూర్వము చెప్పులు చేసేవాడు కాడా అని ప్రక్కవానిని అడిగాడట. కేరీగారు అది విని, చేసేవానిని కూడా కాను, పాతవి బాగుచేసేవానిని మాత్రమే అని నెమ్మదిగా బదులు చెప్పారు. తన పనిని గూర్చి ఆయన ఎన్నడూ సిగ్గుపడలేదు.

ఆ చెప్పుల దుకాణములో కొద్దిగా పుస్తకములు ఉండేవి. వాటిలో ఒకటి క్రొత్త నిబంధన వ్యాఖ్యానము. దానిలో అక్కడక్కడ గ్రీకు అక్షరములు కనబడ్డాయి. అవి ఏమిటో ఆ పిల్లవానికి తెలియదు. ఆ అక్షరములను ఒక కాగితము మీద ఉన్నవి ఉన్నట్టు దించుకొని, తన ఊరికి వెళ్లినప్పుడు థామస్ జోన్స్ అనే వానికి చూపించారు. ఆ జోన్స్ చదువుకొని, నడవడి చెడి, చివరకు నేతపనిలో పడినవాడు. క్రొత్త నిబంధన మూలభాషలోని మొదటి అక్షరములు కేరీగారికి నేర్పినవాడు ఆ నేతగాడే. పెద్ద పాఠశాల లేదు, రుసుము లేదు. తెలియని అక్షరమును చూచి పుస్తకము మూసివేయకుండా, తెలిసినవాని దగ్గరకు వెళ్లి అడిగారు. ఆ నేతగాడు నవ్వి పంపివేయలేదు, నేర్పాడు. ఈ చోటు చదివినప్పుడు మేము పుస్తకము ప్రక్కన పెట్టి చాలాసేపు ఊరకే కూర్చున్నాము.

తోటి పనివాడైన జాన్ వార్ అనే యువకుని సాక్ష్యము వలన కేరీగారు ప్రభువును తెలుసుకొన్నారు. 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్ దగ్గర నెన్ నదిలో బాప్తిస్మము పొందారు. 1781లో డోరతీ అనే ఆమెను వివాహము చేసుకొన్నారు. ఆమెకు సంతకము చేయడం రాదు గనుక పెండ్లి పుస్తకములో గీత గుర్తు పెట్టారు. తరువాత మౌల్టన్ అనే ఊరిలో బడి నడుపుతూ, చెప్పులు కుడుతూ, సంఘమునకు కాపరిగా పనిచేశారు. గోడ మీద చేతితో గీసిన ప్రపంచపటము, ఎదుట తోలు, ప్రక్కన పుస్తకము. లాటిన్, గ్రీకు, హెబ్రీ, డచ్, ఫ్రెంచి భాషలను ఈ పనుల సందులలోనే నేర్చుకొన్నారు.

తనలో గొప్ప ప్రతిభ ఏదీ లేదని, పట్టిన పనిని విడువక నెమ్మదిగా సాగించడము ఒక్కటే తనకు తెలుసునని ఆయన తలంచేవారు. మగ్గము ఎదుట కూర్చున్నవారికి ఈ మాట వేరుగా వివరించనక్కరలేదు. ఒక్కొక్క పేక పోగు పడితేనే గుడ్డ అవుతుంది.

ఏడేండ్ల ఎదురుచూపు

1792 అక్టోబరు 2న కెటరింగ్ అనే ఊరిలో ఒక విధవరాలి ఇంట కొద్దిమంది బాప్టిస్టు కాపరులు కూడుకొని మిషనెరీ సంఘమును స్థాపించారు. ఆ సాయంత్రము వారు ఇస్తామని వ్రాసిన చందా మొత్తము 13 పౌన్లు, 2 షిల్లింగులు, 6 పెన్నీలు. మరుసటి సంవత్సరము జూన్ 13న కేరీగారు భార్యాబిడ్డలతో ఓడ ఎక్కి, 1793 నవంబరు 11న కలకత్తా చేరారు. ఓడలోనే తోటి మిషనెరీ జాన్ థామస్‌గారి దగ్గర బెంగాలీ నేర్చుకోవడం మొదలుపెట్టారు.

మొదటి సంవత్సరములు మన పెద్దల వలస దినములను గుర్తుకు తెస్తాయి. ఉండడానికి ఇల్లు లేదు, చేతిలో డబ్బు లేదు, ఊరు ఊరు మారవలసివచ్చింది. 1794లో ఉత్తర బెంగాలులోని ముద్నాబాటి అనే చోట నీలిమందు కర్మాగారములో మేనేజరు పని దొరికింది. అక్కడ జ్వరములు పట్టుకొన్నాయి. ఐదేండ్ల కుమారుడు పీటర్ చనిపోయాడు. ఆ దుఃఖములో డోరతీ అమ్మగారి మతి చెదిరింది. 1807లో ఆమె కన్ను మూసేవరకు ఆ వ్యాధి తగ్గలేదు. ఒక గదిలో ఆమె బాధ, ప్రక్క గదిలో ఆయన తర్జుమా బల్ల. ఇది ఒక సంవత్సరము కాదు, పన్నెండు సంవత్సరములకు పైగా జరిగిన కథ.

దైవజనుల జీవితములు చెప్పేటప్పుడు ఇట్టి సంగతులను దాటవేయడం మనకు అలవాటు. దాటవేయకూడదని మా అభిప్రాయము. రాకముందు ఈ దేశమునకు రానని పట్టుబట్టిన స్త్రీ ఆమె. చివరకు ఒప్పుకొని వచ్చి బిడ్డను పోగొట్టుకొన్నది. మన చేతికి వచ్చిన గ్రంథము వెనుక ఆమె కన్నీరు కూడా ఉన్నది.

ఏడేండ్లు గడిచినా ఒక్క దేశీయుడు కూడా బాప్తిస్మము పొందలేదు. అయినా పగలు కర్మాగారము పని, మిగిలిన వేళ బెంగాలీ బైబిలు పని నడుస్తూనే ఉన్నది. కొయ్యతో చేసిన ఒక ముద్రణ యంత్రమును కొని ముద్నాబాటికి తెచ్చినప్పుడు, దాని చుట్టూ ఈ తెల్లవారు తిరిగే తీరు చూచి, ఇది వీరి దేవుని విగ్రహమని గ్రామస్థులు అనుకొన్నారట.

1800 జనవరిలో ఆయన కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున డేనిష్ వారి ఏలుబడిలో ఉన్న సెరంపూరుకు మారారు. అక్కడ జాషువా మార్ష్‌మన్‌గారు, అచ్చుపని తెలిసిన విలియం వార్డుగారు ఆయనతో కలిశారు. ముగ్గురి సంపాదన ఒకే పెట్టెలో వేసి, అందులోనుండి కుటుంబములకు, సేవకు వాడుకొన్నారు. అదే సంవత్సరము డిసెంబరు 28న కృష్ణపాల్ అనే వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందాడు. ఆ దినము అతనితోపాటు నీటిలో దిగినవాడు కేరీగారి పెద్ద కుమారుడు ఫీలిక్సు.

ఇక్కడ ఇంకొక నిజము చెప్పాలి. తండ్రి పనిలో మునిగి, తల్లి వ్యాధితో ఉండగా, కేరీగారి పిల్లలు అదుపు లేకుండా పెరిగారు. వారిని చేరదీసి దారికి తెచ్చినవారు వార్డుగారు, మార్ష్‌మన్‌గారి భార్య హన్నా అమ్మగారు. ఫీలిక్సును ప్రభువు దగ్గరకు నడిపించినవారు వార్డుగారే. ఒక జనమంతటికీ వాక్యమును తర్జుమా చేస్తున్న మనిషి ఇంటిలోనే, వాక్యము పిల్లల హృదయమునకు చేరడానికి సంఘములోని వేరొకరి ఓర్పు కావలసివచ్చింది. పెద్దల ఇంట బైబిలు ఉన్నంత మాత్రాన అది పిల్లలకు చేరినట్టు కాదు. దానిని చేర్చడము వేరే సేవ.

1806లో ఒక దినము

1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయింది. అదే సంవత్సరము కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీగారికి ఉపాధ్యాయ పదవి లభించింది. మొదట బెంగాలీ, తరువాత సంస్కృతము, మరాఠీ నేర్పారు. వారములో కొన్ని దినములు కలకత్తాలో, కొన్ని దినములు సెరంపూరులో ఉండేవారు. జీతములో చాలా భాగము మిషను పనికే ఇచ్చేవారు.

1806 జూన్ నెలలో ఇంగ్లండులోని ఒక మిత్రునికి వ్రాసిన ఉత్తరములో ఆయన తన ఒక దినమంతా ఎలా గడిచినదో తెలిపారు. ఉత్తరములు ఎందుకు ఆలస్యమవుతున్నాయో చెప్పుకోవడానికే అలా వ్రాశారు. అప్పటికి ఆయన వయసు 44. ఆ దినము ఇలా గడిచింది.

ఆరు గంటలకు పావుగంట ముందు లేచారు. హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, ఏడు గంటల వరకు ఏకాంత ప్రార్థనలో ఉన్నారు. తరువాత ఇంటి పనివారితో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ సిద్ధమయ్యేలోపల, వాకిట కాచుకొని ఉన్న మున్షీతో కొంచెము పారసీకము. ఫలహారమునకు ముందే హిందుస్తానీలో కొంత లేఖనభాగము. ఫలహారము ముగియగానే పండితునితో కూర్చుండి పది గంటల వరకు సంస్కృత రామాయణమును ఇంగ్లీషులోనికి తర్జుమా చేశారు. తరువాత మధ్యాహ్నము ఒంటిగంట దాటేవరకు కళాశాల. తిరిగి వచ్చి, భోజనము వేళ వరకు బెంగాలీ యిర్మీయా గ్రంథపు అచ్చు కాగితములు దిద్దారు. భోజనము తరువాత ఆరు గంటల వరకు మత్తయి సువార్త ఎనిమిదవ అధ్యాయమును సంస్కృతములోనికి మార్చారు.

ఆరు గంటలు దాటిన తరువాత ఏమి చేశారో తెలుసా? ఒక తెలుగు పండితుని దగ్గర కూర్చుండి తెలుగు నేర్చుకొన్నారు!

ఆ దినము అంతటితో ముగియలేదు. ఏడు గంటలకు ప్రసంగమునకు తలంపులు కూర్చుకొని, ఏడున్నరకు దాదాపు 40 మంది కూడిన చోట వాక్యము చెప్పారు. తొమ్మిది గంటలకు వారు వెళ్లాక ఉత్తరము వ్రాయ కూర్చున్నారు. పడుకొనేముందు గ్రీకు క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయము చదివి, తన్ను దేవునికి అప్పగించుకొని ఆ దినమును ముగించారు.

ఈ దినచర్యను మేము కాగితము మీద వ్రాసి గోడకు అంటించుకొన్నాము. ఇంతటి పండితుని అనుకరించగలమని కాదు. దీనిలో రెండు సంగతులు మా వంటివారికి కూడా అందుతాయి. మొదటిది, దినమునకు ఉదయము ఒక అధ్యాయము, రాత్రి ఒక అధ్యాయము గట్లవలె ఉన్నవి. మధ్యలో ఎన్ని పనులు వచ్చినా ఆ రెండు గట్ల నడుమనే ప్రవహించాయి. మిగిలిన సమయములో బైబిలు చదువుదామని ఆయన అనుకొని ఉంటే ఆ దినములో మిగిలిన సమయమే లేదు. బైబిలు పనే చేస్తున్నాను గదా, వేరే చదవడమెందుకు అని కూడా అనుకోలేదు. సంఘములో ఆఫీసు పనులు, కమిటీ పనులు చూచే మావంటి పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెండవది, ఇంటి ప్రార్థన ఆయన మాతృభాషలో జరగలేదు. ఇంటి పనివారికి అర్థమయ్యే బెంగాలీలో జరిగింది. ఇంటి పెద్ద తనకు సులువైన భాషను కాక, వినేవారికి తెలిసిన భాషను ఎన్నుకొన్నారు.

అగ్ని, మరల మొదలు

తెలుగులో బైబిలు పని కేరీగారితోనే మొదలు కాలేదు. అంతకు చాలా ముందే, 1732 నాటికి, మద్రాసులో ఉన్న జర్మను మిషనెరీ బెంజమిన్ షుల్జ్‌గారు తెలుగులోనికి తర్జుమా చేశారు గాని అది అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్టణము వచ్చిన జార్జి క్రాన్‌గారు, అగస్టస్ డెగ్రాంజిస్‌గారు ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తర్జుమా చేయ మొదలుపెట్టారు. ఇద్దరూ కొద్ది ఏండ్లలోనే చనిపోయారు. వారి పని ఫలమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూరులోనే అచ్చయ్యాయి.

ఆ 1812లోనే, మార్చి 11 సాయంత్రము, సెరంపూరు అచ్చుశాలలో అగ్ని లేచింది. కేరీగారు ఆ దినము కలకత్తాలో ఉన్నారు. వార్డుగారు, మార్ష్‌మన్‌గారు ఎంత ప్రయత్నించినా కట్టడము నిలువలేదు. తూర్పు దేశ భాషల 14 రకముల అచ్చు అక్షరములు కరిగిపోయాయి. గుట్టలుగా ఉన్న కాగితము కాలిపోయింది. వీటన్నిటికంటె పెద్ద నష్టము వ్రాతప్రతులది. కన్నడ క్రొత్త నిబంధన, సంస్కృతము మూలముగా అనేక భాషలకు కూర్చుతున్న గొప్ప నిఘంటువు, వాటితోపాటు తెలుగు వ్యాకరణము మొత్తము బూడిద అయ్యాయి. సాయంత్రము ఆరు గంటల తరువాత పండితుల దగ్గర కూర్చుండి ఏండ్ల తరబడి కూడబెట్టిన తెలుగు ఒక్క రాత్రిలో పోయింది.

మరుసటి దినము మార్ష్‌మన్‌గారు కలకత్తా వెళ్లి సంగతి చెప్పారు. కేరీగారు సెరంపూరు వచ్చి, ఆ బూడిదను చూచి కన్నీరు పెట్టుకొన్నారు. తరువాతి ఆదివారము 46వ కీర్తన మీద ప్రసంగించి, దేవుని ఎదుట ఊరకుండడమును గూర్చి చెప్పారు. ఊరకుండడమంటే పని మానడము కాదని ఆ వారములోనే తెలిసింది. అక్షరములు పోతపోసే అచ్చులు శిథిలముల క్రింద చెడకుండా దొరికాయి. కరిగిన లోహమును ఏరి, మరల అక్షరములు పోశారు. ఆ పని తెలిసినవారు పంచానన కర్మకారుడనే కమ్మరి ఇంటివారు. పంచానన అప్పటికి లేడు గాని, అతని అల్లుడు మనోహర్ ఆ విద్యను నిలబెట్టాడు. బైబిలు మన భాషలలోనికి రావడములో బెంగాలు కమ్మరుల చేతిపని కూడా ఉన్నదని మరువకూడదు.

కాలిపోయిన తెలుగు వ్యాకరణమును కేరీగారు మరల మొదటి నుండి వ్రాశారు. అది 1814లో అచ్చయింది. తెలుగు క్రొత్త నిబంధన 1818లో, మోషే పంచకాండములు 1821లో సెరంపూరు నుండి వెలువడ్డాయి.

ఇప్పుడు షోలాపూరు వారమైన మనము ప్రత్యేకముగా గమనించవలసిన సంగతి. ఇదే కేరీగారు వైద్యనాథ పండితుని సహాయముతో మరాఠీ నేర్చుకొని, 1805లో మరాఠీ వ్యాకరణము, 1810లో మరాఠీ నిఘంటువు ప్రచురించారు. మరాఠీ క్రొత్త నిబంధన 1811లో అచ్చయింది. అనగా తెలుగు క్రొత్త నిబంధన కంటె ఏడేండ్లు ముందు. మన ఇంటి భాష, మన పిల్లల బడి భాష, మన పొరుగువారి కన్నడము, ఈ మూడూ ఆయన బల్ల మీద ప్రక్క ప్రక్కన ఉండేవి. ఒక భాష గొప్పది, ఒకటి తక్కువది అని ఆయన తలంచలేదు. ఎవరి ఇంటి తలుపుకు ఏ తాళపుచెవి పట్టునో అదే ఆ ఇంటికి తీసుకొనిపోయారు.

ఆ తర్జుమాలు లోపము లేనివని ఎవరూ చెప్పరు. అన్ని భాషలను ఒకేసారి చేపట్టడము వలన సెరంపూరు తర్జుమాలలో చాలా భాగము నుడికారములో వెలితి గలవై, తరువాతి వారు వాటి చోట మంచివి చేశారు. నెల్లూరు బాప్టిస్టు మిషనెరీ లైమన్ జూయెట్‌గారు తెలుగు క్రొత్త నిబంధనను సవరించడములో ఎన్నో ఏండ్లు శ్రమించారు. కేరీగారికి ఈ సంగతి తెలియక కాదు. ఆయన తన బెంగాలీ బైబిలునే జీవితాంతము మరల మరల దిద్దుతూ వచ్చారు. తప్పులు లేకుండా చదవగలిగినప్పుడే చదువుదామని కూర్చుంటే ఎవరూ చదవరు. తప్పుతో మొదలుపెట్టి దిద్దుకొనేవాడే ముందుకు పోతాడు.

వాక్యము చేతలలోనికి

చదివిన వాక్యము కేరీగారిని బల్ల దగ్గరనే కూర్చోనీయలేదు. భర్త చితి మీద భార్యను కాల్చే సతి ఆచారమును 1799లో కన్నులార చూచి, ఆపమని బ్రతిమాలి, ఆపలేకపోయారు. అప్పటి నుండి దానికి విరోధముగా పాటుపడ్డారు. 1829 డిసెంబరులో ప్రభుత్వము ఆ ఆచారమును నిషేధించి, ఆ శాసనమును బెంగాలీలోనికి మార్చుటకు ఆయనకు పంపింది. అది చేరినది ఆదివారము ఉదయము. ఆలస్యమైన ప్రతి గంటా ఏదో ఒక స్త్రీ ప్రాణము పోవచ్చునని, ఆ దినపు ప్రసంగమును వేరొకరికి అప్పగించి, సాయంత్రములోగా తర్జుమా ముగించారు. ఆదివార ఆరాధనను ఎంతో గౌరవించిన మనిషి ఆ దినము బలిపీఠము విడిచి బల్ల దగ్గర కూర్చున్నారంటే, వాక్యము ఆయనలో ఎంత లోతుగా ఇంకినదో తెలుస్తుంది.

1818లో సెరంపూరు కళాశాలను స్థాపించారు. మన పాస్టరుగార్లలో సెరంపూరు పట్టము గలవారు ఉన్నారు, ఆ పేరు అక్కడిదే. 1820లో రైతుల మేలు కొరకు వ్యవసాయ, ఉద్యానవన సంఘమును ప్రారంభించారు. సెరంపూరులో ఆయనకు పెద్ద తోట ఉండేది. ఆ తోటలోనే ఏకాంతముగా నడుస్తూ ప్రార్థించేవారు. 40 సంవత్సరములకు పైగా ఈ దేశములో ఉండి, ఒక్కసారి కూడా స్వదేశమునకు తిరిగి వెళ్లకుండా, 1834 జూన్ 9న సెరంపూరులోనే కన్ను మూశారు. ఆ నాటికి బైబిలు పూర్తిగానో, కొంత భాగమో ఇంచుమించు 40 భాషలలో సెరంపూరు నుండి వెలువడింది.

మన ఇంట ఏమి చేద్దాము?

ప్రియులారా, ఇంత చదివిన తరువాత మేము చేసిన మొదటి పని, మనుమని పిలిచి, ఆ దినము నలుగురిలో మందలించినందుకు తప్పు మాదేనని ఒప్పుకోవడము. పెద్దవారు పిల్లల ఎదుట తప్పు ఒప్పుకోవడము మన ఇండ్లలో వాడుక కాదు. వాడు ఏమీ అనలేదు. తల వంచుకొని విన్నాడు.

రెండవ పని, ఒక మరాఠీ పవిత్రశాస్త్రము కొని తెచ్చాము. ఇప్పుడు మా ఇంట సాయంత్రము కుటుంబ ప్రార్థనలో ఒకే భాగమును రెండు భాషలలో చదువుతాము. ఒక వచనము మేము తెలుగులో, అదే వచనము వాడు మరాఠీలో. ఎక్కువ కాదు, పది పన్నెండు వచనములు. తెలుగు మాట ఏదైనా వానికి తెలియకపోతే మమ్మును అడుగుతాడు. మరాఠీ మాట మాకు తెలియకపోతే మేము వానిని అడుగుతాము. మాకు తెలియనివి తక్కువేమీ కాదు! ప్రార్థన ముగిసిన తరువాత ఐదు నిమిషములు తెలుగు అక్షరములు. ఒకనాడు వస్తాడు, ఒకనాడు రాడు. పూర్తిగా దారికి వచ్చాడని చెప్పలేము. అయితే పోయిన నెలలో ఒకసారి మేము కారఖానా పని మీద వెళ్లి ఆలస్యముగా వచ్చేసరికి, రెండు పుస్తకములూ గుడ్డ విప్పి, చాప మీద పెట్టి ఉన్నాయి.

తెలుగు విడిచిపెట్టమని మేము చెప్పడము లేదు. మన ఆరాధన, మన కీర్తనలు, మన పెద్దల ప్రార్థనలు తెలుగులో ఉన్నవి. అది మన స్వాస్థ్యము, దానిని పిల్లలకు అందించాలి. అయితే అక్షరము రాలేదన్న సిగ్గు వలన పిల్లలు వాక్యమునకే దూరమైతే, భాషను కాపాడి బిడ్డను పోగొట్టుకొన్నవారమవుతాము. మన సంఘములు ఆదివారపు బడిలో తెలుగు అక్షరములు నేర్పుతూ, అంతవరకు మరాఠీ బైబిలు చదివే పిల్లవానిని చిన్నచూపు చూడకుండా ఉండాలని మా మనవి.

ఇంకొక మాట. రాత్రి పాళి చేసేవారికి ఉదయము వీలుకాదు, పగటి పాళి వారికి మధ్యాహ్నము వీలుకాదు, బీడీల లెక్క అప్పగించే దినమున అక్కచెల్లెండ్రకు ఊపిరి సలపదు. ఇవన్నీ నిజమే. కేరీగారికి కూడా ఖాళీ దొరకలేదు. ఆయన గట్లు ముందుగా వేసుకొన్నారు. పనికి పోయేముందు ఒక భాగము, పడుకొనేముందు ఒక భాగము. చదువు రాని తల్లి ఉంటే పిల్లవాడు చదవగా ఆమె వినవచ్చును. పిల్లవానికి అర్థము తెలియకపోతే ఆ తల్లి తన జీవితములో చూచిన దానితో చెప్పవచ్చును. ఒకరికి అక్షరము ఉన్నది, ఒకరికి అనుభవము ఉన్నది. రెండూ కలిస్తేనే ఇంటిలో వాక్యము జీవిస్తుంది.

రెండు వందల ఏండ్లకు పైగా క్రిందట ఒక నేతగాని కుమారుడు, రోజంతా పనిచేసి అలసిన తరువాత, సాయంత్రము ఆరు గంటలకు మన భాష నేర్చుకోవడానికి కూర్చున్నాడు. మన పేర్లు ఆయనకు తెలియవు. మన ఊరు ఆయన చూడలేదు. మన కొరకే కూర్చున్నాడు. ఈ సాయంత్రము అదే వేళకు మనము మన పిల్లల ప్రక్కన కూర్చుందాము.

ప్రభువు మన గృహములను, మన పిల్లలను తన వాక్యముతో నింపి దీవించును గాక. ఆమేన్.